జనరల్ గారి చెంచాడు పులుసు

జనరల్ టోకరెవ్ పూట గడవక సిపాయిల వంటశాల గేటు దగ్గర అడుక్కుని తింటున్నాడని ఆ చలికాలం తోళ్ళవీధి అంతా చెప్పుకుంది. అది శుద్ధ అబద్ధం. అయితే పుట్టించినవాళ్ళు కళ్ళతో చూసే పుట్టించారు, అదే చిక్కు.

రోజూ మధ్యాహ్నం చర్చి గంట మోగగానే ఆయన ఇంటి తలుపు తెరుచుకునేది. ఎర్ర అస్తరు వేసిన పొడుగు కోటు తొడుక్కుని, మంచులో కాస్త కుంటుతూ, బండి ఎక్కకుండా నది ఒడ్డున సిపాయిలుండే బారకాసుల దాకా నడిచేవాడు. గేటు దగ్గర ఒక ముసలి సార్జెంటు చెక్కపళ్ళెంలో పులుసు గిన్నె, నల్లరొట్టె ముక్క, ఉప్పు పెట్టుకుని నిలబడి ఉండేవాడు. జనరల్ అక్కడే నిలబడి ఒక చెంచాడు తాగి, రొట్టెతో చెంచా తుడిచి, ఏదో ఒక మాట అని తిరిగొచ్చేవాడు. నదిమీద మంచుకి కన్నం కొట్టి బట్టలు జాడించుకునే ఆడవాళ్ళకు అదంతా కనబడేది. మాట మాత్రం వినబడేది కాదు. చర్చిలో పాద్రీకి సాయం చేసే డీకన్ గారి భార్య ఫెదోస్యా జాలిపడింది. ఆవిడ జాలిపడితే సాయంత్రానికల్లా వీధంతా జాలిపడాల్సిందే.

అదే వీధిలో ఉండే ఉస్తీన్యా సావ్విష్నా ఈ మాట నమ్మలేదు. ఎవరింట్లో టీ కాచే సమోవార్ ఎప్పుడు మరిగిందో, ఎవరి నేలమాళిగలో క్యాబేజీ ఎంతకాలం వస్తుందో ఆవిడకు తెలుసు. జనరల్ ఇంటికి వారానికోసారి మాంసం వెళుతుందనీ తెలుసు. తెలియనిది ఒక్క ఆయన మనసే. గేటు దగ్గరికి ఎందుకు వెళ్తారని అడిగినప్పుడల్లా ఆయన టోపీ అంచు ముట్టుకుని, ఆవిడ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని ఎదురు అడిగేవాడు.

చాకలి మనిషి దగ్గరా, పోస్టుమాస్టరు దగ్గరా ఆవిడ కొంచెం కొంచెంగా రాబట్టిన సంగతులు ఇవి. ఆయన తండ్రి ఎక్కడో కోట కాపలాలో చిన్న లెఫ్టినెంటు. కొడుకుని మీసాలైనా రాకముందే దండులో వేశాడు. ఈయన తురుష్కులతో యుద్ధంలో కొండ కనుమ మీద మంచులో పడుకుని ఎడమకాలి వేళ్ళు పోగొట్టుకున్నాడు. తుర్కెస్తాన్‌లో ఆయన దండుతో ఎడారిలో నడుస్తుండగా వెనక బసలో భార్య జ్వరంతో పోయింది. కబురు అందేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది. పిల్లలు లేరు. పోలండ్ అన్నారు, కాకసస్ అన్నారు, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి వెళ్ళాడు. మధ్యలో కొన్నేళ్ళు ఈ ఊరి రెజిమెంటును ఏలాడు. తరవాత అంతకన్నా పెద్ద దండు, డివిజన్‌ను. ఇక ఇంటికి పొమ్మన్న రోజున పదాతిదళ జనరల్ అని ఇంచుమించు అన్నిటికన్నా పెద్ద హోదా చేతిలో పెట్టి పంపారు. ఆ హోదాతో ఆయన ఒక్క మనిషికైనా ఆజ్ఞ ఇచ్చింది లేదు. ఇల్లు ఎక్కడో తెలియక, రెజిమెంటు ఉన్న ఈ ఊరికే వచ్చి దిగాడు.

ఫెదోస్యా ఊరికే జాలిపడి ఊరుకోలేదు. గుట్టు దానం మొదలుపెట్టింది. మగదిక్కు పోయిన ఇంటికో, పూట గడవని ఇంటికో, తెల్లవారకముందే ఎవరూ చూడకుండా కిటికీ గట్టుమీద తినుబండారం పెట్టి వెళ్ళడం ఆ వీధిలో ఉన్నదే. పుచ్చుకున్నవాళ్ళు ఎవరిచ్చారని అడక్కూడదు, దేవుడికి దణ్ణం పెట్టుకుని తినాలి. జనరల్ కిటికీ మీద క్యాబేజీ కూరిన రొట్టె గుడ్డ కప్పుకుని కనబడసాగింది. ఎవరో మరిచిపోయారనుకుని ఆయన దాన్ని జాగ్రత్తగా గేటు స్తంభం మీద పెట్టేవాడు. చివరికి చాకలి మనిషిని అడిగితే ఆవిడ అసలు సంగతి చెప్పేసింది. ఆ రోజు గంట మోగినా తలుపు తెరుచుకోలేదు. మర్నాడూ తెరుచుకోలేదు.

శుక్రవారం సాయంత్రం, గేటు దగ్గర గిన్నె పట్టుకునే ముసలి సార్జెంటు యెఫీం ఉస్తీన్యా గడప తొక్కాడు. టోపీ చేతుల్లో నలుపుతూ, ముసలాయనకు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. సిపాయిలకు వడ్డించే ముందు అధికారి ఒకరు రుచి చూడడం దండులో పద్ధతి. దానికి డ్యూటీ ఆఫీసరు చాలు. కానీ ఒకప్పుడు తమను ఏలిన మనిషి ఊళ్ళోనే ఉన్నాడు కదా అని మొదటి చెంచా ఆయనకే పట్టుకెళ్ళడం అలవాటైంది. ఆయన రాని రోజుల్లో కూడా తను గిన్నెతో గేటు దగ్గర నిలబడ్డాననీ, లోపల కుర్రాళ్ళు ఆకలికి చెంచాలు వాయించారనీ చెప్పాడు. కొత్త కెప్టెన్‌కు విసుగొచ్చింది. రేపు కూడా రాకపోతే గేటు దగ్గరికి గిన్నె ఇక వెళ్ళదన్నాడట.

శనివారం పొద్దున ఉస్తీన్యా ముందు ఫెదోస్యా ఇంటికి వెళ్ళి పెట్టాల్సిన చీవాట్లు పెట్టింది. అటునుంచి అటే జనరల్ తలుపు తట్టింది. గదిలో దండులో వాడే మడత మంచం, ఒక బల్ల, ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీ ఆవిడకిచ్చి ఆయన నిలబడ్డాడు.

“దొరగారూ, మీకు బిచ్చం పెట్టిన మనిషిని కడిగేసి వస్తున్నా. ఇంక మీరు తలుపేసుకుని కూర్చోనక్కర్లేదు.”

“ఆవిడనేమీ అనకండమ్మా. మంచి మనసుతో పెట్టింది.”

“మరి మానేశారేం?”

“నన్ను బిచ్చగాడనుకుంటే అనుకోనీ. మన రెజిమెంటు తన ముసలివాణ్ణి గేటు దగ్గర నిలబెట్టి ఎంగిలి పెడుతోందంటే ఆ కుర్రాళ్ళకు పరువు తక్కువ.”

యెఫీం చెప్పిందంతా ఆవిడ చెప్పింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట గంట మొదలైంది. ఉస్తీన్యా ఇక ఆగలేకపోయింది.

“నేరుగానే అడుగుతున్నా, చెప్పండి. అసలా చెంచాడు నీళ్ళ పులుసులో ఏముంది? మా ఇంట్లో మాంసం వేసి కాస్తాను. రోజూ మా బల్ల దగ్గరికే రాకూడదూ?”

“మీ ఇంట్లో నేను రాకపోయినా భోజనాలు అవుతాయి, ఉస్తీన్యా సావ్విష్నా. అందరి ఇళ్ళలోనూ అవుతాయి. అక్కడ మాత్రం, నేను బాగుందనేదాకా అంతమంది ఆకలితో ఆగుతారు. నా కోసం ఆగేవాళ్ళు ఇంకెక్కడా లేరు. యెఫీం ఇవాళ కూడా నిలబడి ఉంటాడన్నారు కదూ? ఆ కోటు ఇలా అందుకోండి, పులుసు చల్లారిపోతుంది.”