లేవని రాకెట్

ఆదివారం పొద్దున బెంగళూరు బెళ్ళందూరులో మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలమంతా వెనిగర్ వాసన. పిల్లలు సీసాల్లో వంటసోడా వేసి రాకెట్లు ఎగరేస్తుంటారు, నేను దగ్గరుండి చూసుకుంటాను. ఆ వాసన తగిలినప్పుడల్లా శారదమ్మ టీచర్ గుర్తొస్తారు. నా చిన్నప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా పక్కింటావిడ. రిటైరయ్యాక మా వీధిలో పిల్లలందరినీ పోగేసి రాకెట్లు చేయించేవారు. చిన్నవాళ్ళకు స్ట్రాకు తొడిగి ఊదే కాగితపు గొట్టం. ఆ తర్వాత వెనిగర్ సీసా, ఆపైన సైకిల్ పంపుతో లేచే నీళ్ళ రాకెట్. మందు కూరిన మోటారు పెట్టి, దూరం నుంచి స్విచ్ నొక్కి లేపేది అన్నిటికన్నా చివర.

నా పదో పుట్టినరోజుకు నాన్న ఆ మోటారు రాకెట్ పెట్టె కొనిచ్చాడు. దాన్ని ఎగరెయ్యడం తప్ప నాకు ఇంకో ధ్యాస లేదు. టీచర్ పెట్టె అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు.

"పదేళ్ళ వాళ్ళకని రాసుంది కదండీ," అన్నాడు నాన్న.

"వయసు సరిగ్గానే ఉండాదప్పా. పోయిన వారం నీళ్ళ రాకెట్టు లేయకపోతే ఈ పాప ఉరికిపోయి వంగి చూసింది. దీనికీ అట్లే చేస్తే మొగం ఉంటాదా?"

నన్ను మళ్ళీ స్ట్రాల దగ్గర, ఆరేళ్ళ పిల్లలతో కూర్చోబెట్టారు. అవమానంతో ఏడ్చాను. ఆవిడ బుజ్జగించలేదు.

కొన్ని నెలలకు నా వంతు వచ్చింది. అందరం లెక్క పెట్టాం, స్విచ్ నొక్కాను. ఏమీ కాలేదు. కాళ్ళు ముందుకు లాగేస్తున్నాయి. మోటారు ఇక అంటుకోకుండా స్విచ్ పెట్టెలోంచి తాళంచెవి లాగి గుప్పిట్లో పెట్టుకుని, ఉన్నచోటే నేల మీద కూర్చున్నాను. టీచర్ చాలాసేపటికి వెళ్ళి చూసి, తీగ జారిందన్నారు. ఇంతలో వాన మొదలైంది.

"వచ్చే వారం ఎగరేద్దాంలే," అని, పెద్దవాళ్ళతో కలిపినట్టు నాతో చెయ్యి కలిపారు. ఆ సంతోషం తర్వాతి వారం రాకెట్ నిజంగా ఎగిరినప్పుడు కూడా రాలేదు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఈరోజు ఒక తండ్రి కొత్త మోటారు రాకెట్ పెట్టె తెచ్చి నా చేతికిచ్చి, దాని మీది వయసు చూపించాడు. నేను పిల్లవాణ్ణి అడిగాను.

"స్విచ్ నొక్కినా లేవకపోతే ఏం చేస్తావు?"

"పరుగెత్తి చూస్తా ఆంటీ."

వాడి చేతికి స్ట్రా ఇచ్చాను. వాడి ముఖం ముడుచుకుపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు, అయినా పెట్టె తిరిగి ఇవ్వలేదు.