పది రోజుల డిస్కు

బాన్సువాడ దుకాణాల్లోకి సీసీ కెమెరాలు కొత్తగా వస్తున్న రోజులవి. రెండు వేల ఎనిమిది ప్రాంతం. వాటిని బిగించే పని నాది. కెమెరా ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెబుతారు, రికార్డింగుకు ఎంత డిస్కు కావాలో తేల్చడమే అసలు పని. ఒక కెమెరా పగలూ రాత్రీ నడిస్తే ఎంత జాగా తింటుందో చూసి, దాన్ని కెమెరాల సంఖ్యతో, ఉంచాల్సిన రోజులతో గుణించాలి. డిస్కు నిండితే, అది ఉండే రికార్డింగు పెట్టె ఎవరినీ అడగదు. పాతదాన్ని చెరిపేసి దాని మీదే కొత్తది రాసుకుంటుంది. ఈ లెక్కలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నాకు కాస్త పొగరు.

ఎరువుల దుకాణం నడిపే ఒకాయన దగ్గర ఆ పొగరు సాగలేదు. ఆయన్ని అన్నా అనీ, ఆయన భార్యను వదినా అనీ పిలిచేవాణ్ణి. నెల రోజులు నిలిచేలా పెద్ద డిస్కు వేయించమన్నాను.

"నెల దాక ఏం జేసుకుంటం తమ్మీ? దొంగ దొరికితే పది దినాలల్ల దొరకాలె, లేకుంటే ఇగ దొరకడు. చిన్నదే ఎయ్యి."

కౌంటర్ మీది కెమెరాకూ పేచీ పెట్టాడు. "నన్నేంది సూసేది? గిరాకీల మొకాలు పడాలె" అని తన కుర్చీ వెనక గోడకు పెట్టించాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు. గొణుక్కుంటూ పది రోజుల డిస్కే బిగించి వచ్చాను.

ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున ఇంట్లోనే ఆయన గుండె ఆగిపోయింది.

దినాలన్నీ అయిపోయాక వదిన కబురు పెట్టింది. ఆమె ఇంకా గడప దాటడం లేదు కాబట్టి నేనే వెళ్ళాను. కొంగు అంచు నలుపుతూ మొదలుపెట్టింది.

"ముందటి దినం దుకాన్ల బువ్వ డబ్బా ఇయ్యవోయి తిట్టిన తమ్మీ. షుగర్ గోళీలు మరిసి పోయిండని గిరాకీల ముందటనే మస్తు తిట్టిన. రాత్రి సప్పుడు జేయక పండుకున్నడు. తెల్లారి ఇగ లేవనే లేదు. ఆయన మనసు నొచ్చిందో ఏందో. నీ కెమెరాల ఒక్కసారి సూపెడ్తవా?"

పది రోజులు దాటిపోయాయి. ఆ రోజు చెరిగిపోయి ఉంటుంది. ఆ మాట ఆమెతో చెప్పే ధైర్యం లేక, తాళంచెవి అడిగి దుకాణానికి నడిచాను. పెద్ద డిస్కు వద్దన్నందుకు దారంతా ఆయన్నే తిట్టుకున్నాను.

షట్టర్ ఎత్తి స్విచ్ వేస్తే లైటు వెలగలేదు. చూస్తే మెయిన్ దించి ఉంది. మా ఊళ్ళో దుకాణం నాలుగు రోజులు బందు పెట్టాల్సి వస్తే మెయిన్ దించాకే తాళం వేస్తారు, షార్ట్ సర్క్యూట్ భయం. ఆయన పోయిన పొద్దునే ఇంటివాళ్ళెవరో వచ్చి ఆ పని చేసి వెళ్ళారు. దాంతో పెట్టె కూడా ఆ పొద్దునే ఆగిపోయింది. ఆ తర్వాత అది రాసిందీ లేదు, చెరిపిందీ లేదు. నా లెక్క తప్పింది. లెక్క తప్పినందుకు అంత సంతోషపడటం నాకదే మొదలు.

పెట్టెను చంకన పెట్టుకుని వదిన ఇంటికి తెచ్చాను. చావైన నాటి నుంచి టీవీ మీద గుడ్డ కప్పే ఉంది. అది తీసి, పెట్టెను కలిపి, రికార్డింగును ఆయన పోయిన ముందురోజు మధ్యాహ్నం దాకా తిప్పాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ కెమెరాలో ఆయన ముఖం పడదని. తెర మీద ఆయన వీపు, భుజం మీది తువ్వాల. ఎదురుగా డబ్బా పట్టుకుని వదిన. మాటలు వినబడవు గానీ వేలు చూపిస్తూ తిడుతూనే ఉంది. ఇక్కడ కూర్చున్న వదిన అది చూడలేక కళ్ళు మూసుకుంది. కెమెరా అటు పెట్టించినందుకు ఆయన మీద నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

"అన్న మొకం కనవడ్తలేదు వదినా" అన్నాను.

ఆమె కళ్ళు తెరిచి టీవీ దగ్గరికి జరిగింది. ఆ వీపునే చూస్తూ కూర్చుంది.

"మొకమెందుకు? గా భుజాలు సూడు, ఊగుతున్నయి. నవ్వుతుండు తమ్మీ. ఆయన నవ్వితే ఎన్నడు సప్పుడు రాదు, గట్లనే భుజాలు ఊగుతయి."