దుబాయ్ టైము

ఆత్మకూరు నుంచి జడ్చర్ల పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె చేతి గడియారం గంటన్నర వెనక ఉంది. ఆ మాటే చెప్పాను.

"తప్పు గాదక్కా, అది దుబాయ్ టైము. మా ఆయన డ్యూటీ దిగే యాళ్ల తెలువాలె గద."

ఆయన ఆ రోజే వస్తున్నాడట. తీసుకురావడానికి శంషాబాద్ పోతోంది. కానీ ముఖంలో సంతోషం లేదు.

"పొద్దుగాల ఆడ విమానం ఎక్కుతున్ననని ఫోన్ చేసిండు. మద్యాన్నం కల్ల ఈడ దిగుతడంట. అసలు ఎంతసేపైతదక్కా?"

"నాలుగు గంటలు కూడా పట్టదు," అన్నాను.

ఆమె ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకుంది.

"మా అత్త సచ్చిపోయిన నాడు ఫోన్ చేస్తే, రెండు దినాల తొవ్వ, అందుకోలేనన్నడు. పొద్దుమీకి దాక పీనుగను ఆపినం. ఆఖరికి మా మరిది కొరివి వెట్టిండు."

"సెలవియ్యలేదేమో," నసిగాను.

"గా మాటే చెప్పొచ్చు గద!"

జడ్చర్లలో బస్సు ఆగాక, "మన టైమెంతక్కా ఇప్పుడు?" అని అడిగింది. చెప్పాను. గడియారం కీ లాగి, ముల్లును మన టైముకు తిప్పుకుని దిగిపోయింది.

ఆ నాలుగు గంటలను ఇంకాస్త పెంచి చెప్పాల్సిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.