బావ వద్దన్న కెమెరా

పోయిన నెల ఇల్లందులో అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, అక్క కూతురి కొడుకు, ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా కాకముందే ఫోటోల పిచ్చి పట్టినవాడు, నా పక్కన చతికిలబడి ఫోనులో ఒకదాని తరువాత ఒకటిగా కెమెరాల బొమ్మలు చూపిస్తూ, మొదటిసారి కొనేవాడికి ఏది మంచిదో చెప్పు చిన్నమ్మమ్మా అని ప్రాణం తీశాడు. వాటిలో ఒకదానికి ఒక గొప్ప ఉందట. మనం ఎవరివైపు పెట్టినా ఆ మనిషి కంటిని అదే వెతుక్కుని అక్కడే ఫోకస్ నిలుపుతుందట, మనిషి కదిలినా వదలదట. ఎదురుగా పడక కుర్చీలో కూచుని వార్తలు వింటున్న బావ, ఎనభై దాటినా ఆయనవి పాము చెవులు, అక్కడి నుంచే ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. ఎప్పుడో ఎనభైల్లో విజయవాడలో ఒక దుకాణంలో నిలబడి ఆయన నవ్వింది ఆ నవ్వే, ఆ నవ్వు మీది కోపంతోనే నేను నా మొదటి కెమెరాను ఎంచుకున్నాను. అప్పటి నుంచి ఆయనకూ నాకూ పడదు. నిజం చెప్పాలంటే అంతకు ముందు కూడా పడేది కాదు.

బావకు అప్పట్లో బస్టాండు దగ్గర స్టూడియో ఉండేది. కాలేజీ చదువుకని మా ఊరి నుంచి వచ్చి అక్క వాళ్ళింట్లో ఉన్న నేను, చదువు సగంలో ఆగిపోయాక ఆ స్టూడియోలోనే టచింగ్ పనికి కుదురుకున్నాను. ఈ కాలం వాళ్ళకు తెలియదు గాని మీకు గుర్తుండే ఉంటుంది, కిటికీ పక్కన వాలుబల్ల, దాని కింద వెలుతురు పైకి కొట్టడానికి ఒక అద్దం, ఆ వెలుతురులో నెగెటివ్ పెట్టి సూదిలా చెక్కిన పెన్సిలుతో మొటిమలు, గుంటలు, కళ్ళ కింద నలుపు అన్నీ మాపేసేవాళ్ళం. బొగ్గుబావిలో డ్యూటీ దిగి వచ్చిన కార్మికులకు తొడగడానికి ఒక కోటు ఉండేది. సన్నవాడికీ లావువాడికీ అదే కోటు, వీపు వైపు నిలువునా కోసి ఉండేది కాబట్టి ఎవరికైనా పట్టేది. ముందు నుంచి చూస్తే దొర, వెనక నుంచి చూస్తే బనీను. బావ పనితనమంతా ఇంతే, ముందు నుంచి బాగుంటే చాలు అనుకునే మనిషి. నల్లగా ఉన్నవాళ్ళను తెల్లగా చేయమనేవాడు, నేను చేయనంటే నా చేతిలో పెన్సిలు లాక్కుని తానే చేసేవాడు.

అసలు పగ అక్కడ కాదు, అమ్మ ఫోటో దగ్గర మొదలైంది. అమ్మ పోయేనాటికి ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో మా వైపు చాలా ఇళ్ళలో అంతే, మనిషి బతికుండగా ఫోటో మాట ఎవరికీ గుర్తు రాదు, పోయాక మాత్రం స్టూడియోకు కబురు వెళుతుంది. శవానికి స్నానం చేయించి, కొత్త చీర కట్టి, కుర్చీలో కూచోబెట్టి, ఒరిగిపోకుండా ఛాతీ చుట్టూ పంచె బిగించి, పక్కన పిల్లలను నిలబెట్టి తీసేవారు. తరువాత స్టూడియోలో ఆ మూసిన కళ్ళ మీద సన్న కుంచెతో తెరిచిన కళ్ళు గీసేవారు. అమ్మకు బావే తీశాడు, బావే గీశాడు. మా అమ్మ ఎడమ రెప్ప కొంచెం వాలి ఉండేది, దానివల్ల ఆమె ఎప్పుడూ ఏదో తెలిసీ చెప్పకుండా దాచుకున్నట్టు కనబడేది. బావ రెండు కళ్ళనూ సమానంగా, కాలెండరులో లక్ష్మీదేవి కళ్ళంత చేసి పెట్టాడు. చూసినవాళ్ళందరూ అచ్చం మాట్లాడేటట్టే ఉన్నదని మెచ్చుకున్నారు. నాకు మాత్రం మా గోడ మీద ఎవరో పరాయి మనిషి మా అమ్మ చీర కట్టుకుని కూచున్నట్టుండేది. ఒకరోజు పట్టలేక అడిగేశాను, అమ్మ రెప్ప ఎందుకు సరిచేశావని. వంకర ఎవరన్నా గీస్తారా అన్నాడు. అదీ ఆయన తెలివి.

ఆ తరువాత రెండు మూడేళ్ళకు నాయనకు దగ్గు పట్టుకుంది. ఖమ్మం దవాఖానాలో చూపిస్తే ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు, మందులు రాశారు, అక్కను పక్కకు పిలిచి ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పారు. ఆ రోజు బస్సులో వస్తూ నేను ఒకటే అనుకున్నాను, నాయన కళ్ళు మాత్రం బావ చేతికి చిక్కనివ్వను, నాయన బతికుండగానే, ఆయన కళ్ళు ఆయన తెరిచి ఉండగానే నా చేత్తో ఒక ఫోటో తీస్తానని. కష్టం ఎక్కడంటే, ఫోటో అంటే నాయనకు చచ్చేంత భయం. ఫోటో దిగినవాడు ఇవాళ కాకపోతే రేపు గోడెక్కుతాడని ఆయన నమ్మకం, ఊళ్ళో ఏ గోడ చూసినా ఆ నమ్మకానికి సాక్ష్యమే కనబడేది. ఆయన తీయనిచ్చే మనిషి కాదు, ఎలాగో ఎరుక కాకుండా తీయాలి.

అమ్మ కమ్మలు అక్క నాకిచ్చింది, నీకేది కావాలో అది కొనుక్కోమంది. విజయవాడ వెళ్ళి వాటితో కెమెరా కొనాలని అనుకున్నాం గాని, ఆడపిల్ల ఒక్కతే ఏం కొంటుందని బావ కూడా బయల్దేరాడు. వద్దంటే వినే రకమా! దారి పొడవునా ఒకటే పాట, నడుము దగ్గర పట్టుకుని పై నుంచి తొంగిచూసి తీసే డబ్బా కెమెరానే తీసుకోవాలట. స్టూడియోలో ఆయన వాడేది అదే. కంటికి ఆనించి తీసే కొత్తరకం కెమెరా మన వైపు పనికిరాదట. అందులో కొంత నిజం లేకపోలేదు, మా అడవి అంచు ఊళ్ళలో ఆ రోజుల్లో పోలీసు జీపులు తిరుగుతుండేవి, ఎవరి చేతిలో నల్లటి వస్తువు కనబడినా జనం తలుపులు వేసుకునేవారు. కాని ఆ మాట ఎవరు చెబుతున్నారన్నదే నాకు అడ్డం పడింది. ఆ డబ్బా నాకు అంటగట్టి తాను కొత్తది కొనుక్కుంటాడేమోనని కూడా అనుమానించాను. ఆయన చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా నా చెవిలో ఉంది.

"డబ్బానే తీస్కో. తల వంచుకొని తీస్తవు, మీ నాయనకు ఎరుకనే కాదు. గా కొత్తది కంటికి పెట్టినవంటే తుపాకి పట్టినట్టుంటది, మనిషి బెదురుతడు."

దుకాణంలో రెండూ అద్దాల బల్ల మీద పెట్టారు. ముందు డబ్బా తీసుకుని రోడ్డు వైపు తిరిగి పై నుంచి తొంగిచూశాను. పోతున్న రిక్షా ఒకటి కనబడింది, దాని వెంట కెమెరా తిప్పబోతే రిక్షా ఎదురు దిక్కుకు జారిపోయింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ జారింది. ఆ డబ్బాలో కుడి ఎడమలు తారుమారుగా కనబడతాయని టచింగ్ బల్ల దగ్గర కూచునేదానికి ఎవరు చెప్పారు కనుక? నేను గిర్రున తిరుగుతుంటే బావ నవ్వాడు. ఆయన నవ్వితే దుకాణం వాడూ నవ్వాడు, టీ తెచ్చినవాడూ నవ్వాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ క్షణాన నాయనా గుర్తు లేడు, అమ్మ కమ్మలూ గుర్తు లేవు. డబ్బా బల్ల మీద పెట్టేసి రెండోదాన్ని కనీసం కంటికి కూడా ఆనించకుండా, ఇదే కావాలి కట్టండి అన్నాను. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే అదే.

అదేమీ చెడ్డ కెమెరా కాదని కూడా చెప్పాలి. రోలుకు ముప్ఫై ఆరు బొమ్మలు వచ్చేవి, డబ్బాలో పన్నెండే. మీట నొక్కితే మాత్రం ఠక్కుమని చప్పుడయ్యేది, గదిలో ఎవరున్నా తిరిగి చూసేంత చప్పుడు.

మిరపకాయల కాలం అది. మా ఊళ్ళో కల్లంలో కాయలు ఎండబోసి ఉన్నాయి, నాయన వాటి మధ్య పీట వేసుకుని, దగ్గుతూనే తాలు కాయలు ఏరుతున్నాడు. ఘాటుకు పోయి ఇంట్లో కూచోమంటే వినడు. పొద్దు రెండు బారలెక్కింది, వెలుతురు ఇంతకంటే బాగుండదనిపించింది. అక్కా బావా కూడా ఆ పూట వచ్చారు, బావ మెడలో ఆ డబ్బా వేలాడుతూనే ఉంది, వెళ్ళేదారిలో ఏదో పెళ్ళికి తీయాలట. నేను గడ్డివాము చాటు నుంచి వచ్చి కెమెరా కంటికి ఆనించానో లేదో నాయన భుజం మీది తువ్వాలు తీసి అడ్డం పెట్టుకున్నాడు. పక్కకు వెళితే పక్కకు పెట్టాడు. ముందుకు వెళితే ముందుకు పెట్టాడు. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ తువ్వాలు ఇంకో జానెడు పైకి లేచేది. బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి ఏడ్చాను కూడా.

"అప్పుడే నన్ను గోడెక్కిచ్చేటందుకు వచ్చినవా బిడ్డా?" అన్నాడు తువ్వాలు వెనక నుంచి.

ఆ మాటకు కెమెరా దించేశాను. అయినా మొండితనం వదలక ఇంకొకటి నొక్కాను. నాయన నాకు పూర్తిగా వీపు తిప్పి, తువ్వాలు నా వైపు తెరలా పట్టుకుని కూచున్నాడు. ఆయనకు అవతల, నాకు ఎదురుగా, బావ తలవంచుకుని నిలబడి భుజాలు కదుపుతూ కనబడ్డాడు. నన్ను చూసి నవ్వుకుంటున్నాడనుకున్నాను. రోలు ఆఖరి దాకా నొక్కేసి, ఆయనను నోటికొచ్చినట్టు తిట్టి, కల్లం దాటి వచ్చేశాను. తరువాత ఆ రోలు కడిగి నెగెటివ్‌ను కిటికీకి పెట్టి చూస్తే అన్నీ తువ్వాళ్ళే. ఒక్కటి కూడా ప్రింటు వేయలేదు, బిస్కెట్ల డబ్బాలో పడేసి మూత పెట్టేశాను.

నాయన వానలు పడ్డాక పోయాడు. కుర్చీ తెస్తామని ఎవరో అంటే నేను అడ్డం పడుకున్నాను, వద్దని బావ కూడా అన్నాడని తరువాత అక్క చెప్పింది. పదకొండో రోజు పొద్దున బావ ఒక కాగితం పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. విప్పితే నాయన. మిరపకాయల మధ్య పీట మీద కూచుని, ఒక చేత్తో తువ్వాలు వెనక్కి ఎత్తిపట్టి, చూశావా దీన్ని ఎట్లా బోల్తా కొట్టించానో అన్నట్టు నిండుగా నవ్వుతున్నాడు. కుడి కంట్లో పువ్వు వేసిన మచ్చ ఉంది. ముడుతలన్నీ ఉన్నాయి. ఆయన వెనక, తువ్వాలు అంచున, ముఖం ఉండాల్సిన చోట నల్లటి కెమెరాతో ఒక ఆడమనిషి మసకగా నిలబడి ఉంది.

నేను ఏడవలేదు, దండం పెట్టలేదు. టచింగ్ చేశావా అని మాత్రం అడిగాను.

"చెయ్యలే. చేస్తే నువ్వు ఊకుంటవా."

ఆ ఫోటోనే ఇవాళ్టికీ మా గోడ మీద ఉంది. అది బావ తీసిందన్న బాధతోనే ఇన్నేళ్ళూ రోజూ దానికి దీపం పెడుతున్నాను. మంచి చేసినవాడి మీద కోపం అంత తొందరగా పోదు, అపకారం చేసినవాడినైనా క్షమించవచ్చు గాని.

ఇంతకీ పోయిన నెల సంగతి. కెమెరా గొడవలో పడి మనవడు నా పాత నెగెటివ్‌లు చూస్తానని పట్టుబట్టాడు. ఇంటికొచ్చి, మళ్ళీ వారం ఆ బిస్కెట్ల డబ్బా వెంట తీసుకెళ్ళాను. వాడు ఒక్కొక్కదాన్నీ తెల్లటి వెలుతురు మీద పెట్టి ఫోనుతో ఫోటో తీసి, నలుపును తెలుపు చేసి, పెద్దవి చేసి చూపించాడు. తువ్వాలు, తువ్వాలు, మళ్ళీ తువ్వాలు. ఆఖర్లో ఒకటి వచ్చేసరికి, ఇందులో తాత భలే ఉన్నాడు చిన్నమ్మమ్మా అన్నాడు. ముందు నాయన వీపు, తువ్వాలు, రెండూ పొగలా అలికినట్టున్నాయి. వాటి అవతల బావ, చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు, అంత తేటగా. నలభై ఏళ్ళ మనిషి, ఒత్తు జుట్టు, తల డబ్బా మీదికి వంచి దేవుడి ముందు నిలబడినట్టు నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. ఊపిరి బిగపట్టి ఉన్నాడు. ఆ భుజాల కదలిక ఏమిటో అప్పుడు తెలిసింది, ఫోకస్ చక్రం తిప్పుతున్నాడు.

మనవడు ఫోను తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూశాడు. బాగుందనో, నేను తీసినందుకు సంతోషమనో అంటాడని నేను ఎదురుచూశానంటే నవ్వుతారు మీరు.

"ఫోకస్ నా మీద పెట్టినవ్ గదనే," అన్నాడు. "మీ నాయన మీద పెట్టకపోతివి."

ఎన్నో మాటలకు ఆయనకు ఎదురు చెప్పాను గాని ఆ మాట నిజం. నాయన దగ్గితేనే చీర కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చినదాన్ని, ఆయన నా ముందు ఆరడుగుల దూరంలో నవ్వుతూ కూచున్న ఆ ఒక్క నిమిషంలో, ఆ నల్లడబ్బా కంటికి పెట్టుకుని బావ ఏం చేస్తున్నాడా అని చూస్తున్నాను. ఏది కొనమంటావో చెప్పనే లేదని మనవడు మళ్ళీ అడిగితే, మీ తాతనడుగు అన్నాను. బావ వార్తల చప్పుడు తగ్గించాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ముసలివాళ్ళు కూడా ఫోను కనబడితే కొంగు సర్దుకుని, తల దువ్వుకుని నిలబడుతున్నారు, ఎవరూ అడ్డం పెట్టుకోవడం లేదు, పోయినవాళ్ళకు కళ్ళు గీయాల్సిన పనీ లేదు. కెమెరాలు కళ్ళను తామే వెతుక్కుంటున్నాయి. మాకు ఆ కాలంలో అటువంటిది లేదు, చేత్తో తిప్పుకోవాలి, మనం ఎవరిని చూస్తుంటే వాళ్ళే తేటగా వచ్చేవారు. ఆ ముప్ఫై ఆరింటిలో మా నాయన తేటగా ఉన్నది ఒక్కటీ లేదు.