బ్రేకుల్లో గాలి తీసిన రోజు

మా అత్తగారు మా ఆయనతో మాట్లాడటం మానేసి అప్పటికి ఏడాది కావస్తోంది. యుద్ధం ముగిసి, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మాట ఇది. నూజివీడులో మాది మామిడికాయల వ్యాపారం. నిరుటి కాపు రోజుల్లో మా ఆయన పాత కారులో తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బాపులపాడు వైపు వెళ్తుంటే, పల్లంలో గేదెలు అడ్డం వచ్చాయి. ఆ కారుకి ఇనప కడ్డీలతో లాగే బ్రేకులు. అవి ఒక పక్కే పట్టాయి. కారు తిరగబడింది. మా ఆయన లేచి నిలబడ్డారు. మా మరిది లేవలేదు.

ఆనాటి నుంచీ ఆవిడ ఏం చెప్పాలన్నా నాతోనే. ఆయన ఎదురుగా పీట మీద కూర్చుని ఉన్నా సరే, “వాడికి మజ్జిగ కావాలేమో అడుగు” అనేవారు. పోయినవాడి కళ్ళు చారెడంటారు. ఉన్న కొడుకు మాత్రం ఆవిడ కంటికి ఆనలేదు. మా ఆయన ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. నాకే ఒళ్ళు మండేది. కానీ కొడుకు పోయిన తల్లిని ఏమంటాం?

మళ్ళీ కాపు దగ్గర పడుతుండగా ఆయన బెజవాడ వెళ్ళి, మిలటరీ వాళ్ళు వేలం వేసిన బండ్లలోంచి నూనెతో పనిచేసే బ్రేకుల సామాను తెచ్చారు. పెరట్లో ఆ కారు కింద పడుకుని కడ్డీలన్నీ ఊడబీకి, వాటి స్థానంలో సన్నటి గొట్టాలు బిగించారు.

“ఎందుకండీ ఈ బాధ? అమ్మేస్తే పీడా పోతుందిగా” అన్నాను.

“ఆ బ్రేకులతో ఇంకొకడి చేతికి ఎలా ఇస్తానే?” అన్నారు.

బిగించినంత మాత్రాన పని కాలేదు. గొట్టాల్లో గాలి ఉంటే కాలితో తొక్కే పెడలు మెత్తగా దిగిపోతుందట, బ్రేకు పట్టదట. ఆ గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. పైన ఒకరు పెడలు తొక్కి పట్టుకుని “తొక్కాను” అనాలి. అప్పుడు కింద ఆయన చక్రం వెనక నట్టు వదులు చేసి, నూనెతోపాటు బుడగలు పోయాక బిగించి “వదులు” అంటారు. ఆ మాట వినకుండా కాలు తీస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికి వస్తుంది.

నేను చీర సర్దుకుని ఎక్కాను. కాలు పెట్టానో లేదో అరుగు మీంచి మా అత్తగారి గొంతు లేచింది.

“మొగుడు కింద పడుకుంటే పైన కూచుని కాలు ఆడిస్తావంటే? ఈ ఇంట్లో ఒక శవం లేచింది చాల్లేదా?”

“అయితే మీరే రండి అత్తయ్యా! కన్నతల్లి కాలికి దోషం లేదుగా!” అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఏడాదిగా ఆవిడ ఆ కారు వైపు తల తిప్పి చూడలేదు. అలాంటిది అరుగు దిగి వచ్చి, నేను దిగిన సీట్లో కూర్చున్నారు. పక్క సీటు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశారు.

“తొక్కమ్మా” అన్నారు ఆయన కింద నుంచి.

ఆవిడ తొక్కారు. నోరు మాత్రం మెదపలేదు. ఆవిడ చెబితేగాని ఆయన నట్టు విప్పలేరు. ఆవిడ బదులు నేను చెప్పబోయి ఊరుకున్నాను. ఇద్దరి మధ్య ఏడాదిపాటు మాటలు మోసింది చాలు.

“తొక్కానురా” అన్నారు చివరికి.

ఒక్కొక్క చక్రమే అయింది. “వదులమ్మా”, “తొక్కానురా”. అంతకు మించి ఒక్క మాట లేదు. నాలుగో చక్రం దగ్గరికి వచ్చేసరికి పెడలు దిగడం మానేసింది.

“ఇహ దిగట్లేదురా. గట్టిపడింది” అన్నారు ఆవిడ.

“అంతేనమ్మా. ఇప్పుడు బ్రేకులు నాలుగూ ఒకేసారి పట్టుకుంటాయి.”

“ఇదేదో నిరుడే చేసుంటే వాడు ఉండేవాడు గదరా.”

కింద నుంచి ఏడుపు వినిపించింది. తమ్ముడి చితి దగ్గర కూడా ఏడవని మనిషి. పైన ఆవిడ కళ్ళూ కారిపోతున్నాయి, కాలు మాత్రం పెడలు మీంచి తీయలేదు.

నేను తలుపు దగ్గరికి వెళ్ళి, “పని అయిపోయిందిగా, ఇక కాలు తీసెయ్యండి అత్తయ్యా” అన్నాను.

“ఉండవే. వాడు చెప్పనీ” అన్నారు.