మంట పెట్టని కంటి చుక్కలు

1973. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు వచ్చే ఒక సందులో ఉన్న కంటి నర్సింగ్ హోమ్‌లో మైక్రోబయాలజిస్టుగా చేరి అప్పటికి కొన్ని నెలలైంది. కింద వార్డు, మెట్ల పక్కన కంపౌండర్ మందులు కలిపే గది, మేడమీద నా ల్యాబ్. ల్యాబ్ అనగానే గొప్పగా ఊహించుకోకండి. ఒక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటరు, గట్టిగా తన్నితే తప్ప తలుపు పడని ఒక ఫ్రిజ్జు. అంతకుముందు పెద్ద దవాఖానలో పనిచేసి వచ్చినదాన్ని కాబట్టి మొదట్లో పెదవి విరిచాను. తర్వాత అలవాటైపోయింది.

కంటి పుండు నుంచి గీకి తీసిన కాస్త పదార్థంలో ఏ క్రిమి ఉందో చూడటం, అది ఏ మందుకు చస్తుందో చెప్పటం నా పని. ఈ రెండోదాన్నే సెన్సిటివిటీ టెస్ట్ అంటాం. బాక్టీరియాకైతే మందు పట్టించిన కాగితపు బిళ్లలు తయారుగా దొరికేవి. ఫంగస్‌కు, అంటే ఊరగాయ జాడీలో పట్టే బూజు జాతికి, అలాంటి సదుపాయం లేదు. ఎవరి ల్యాబ్ వాళ్లది, ఎవరి పద్ధతి వాళ్లది. నేను సాబొరో అగర్ అనే జెల్లీలో మందును తగ్గిస్తూ కలిపి, వరసగా ప్లేట్లలో పోసి, ఫంగస్‌ను నాటేదాన్ని. కొద్దిపాటి మందుకే మొలవకుండా ఆగిపోతే సెన్సిటివ్. ఎంత మందులోనైనా నిక్షేపంగా మొలిస్తే రెసిస్టెంట్, అంటే మందుకు లొంగని మొండిది.

ఆ ఎండాకాలం ఎల్లమ్మ వచ్చింది. నల్లగొండ వైపు నుంచి భర్త బాలయ్యతో వచ్చి ఉస్మాన్‌గంజ్‌లో బతుకుతోంది. అతను బండి లాగుతాడు, ఆమె గింజల దుకాణంలో చాటతో చెరుగుతుంది. చెరుగుతుండగా పొట్టు ఎగిరి కంట్లో పడింది. అదే పోతుందిలే అనుకుంది. మా దగ్గరికి వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి పుండు, కింద చీము. ఇంతకన్నా భయంకరమైన సంగతి బాలయ్య డాక్టరుగారికి చెప్పాడు.

"దానికి గదొక్కటే కన్ను సారు. చిన్నగున్నప్పుడు తల్లి పోసి ఇంకోటి పాయె." తల్లి పోయటమంటే మశూచి.

డాక్టరుగారు పుండు గీకి పైకి పంపారు. మైక్రోస్కోపులో చూస్తే కొమ్మలు వేసిన దారాలు. కల్చర్‌లో, అంటే జెల్లీ మీద పెంచి చూస్తే, ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ పచ్చగా మొలిచింది. కళ్లకు అది కొత్త శత్రువేం కాదు. ఆంఫోటెరిసిన్ అనే మందుతో టెస్ట్ పెట్టాను. అది అప్పట్లో బొంబాయి నుంచి తెప్పించుకోవలసిన మందు, పసుపు రంగు పొడి. తక్కువ మందుకే ఫంగస్ చేతులెత్తేసింది. సెన్సిటివ్ అని సంతోషంగా రిపోర్టు రాసి పంపాను. కింద అదే పొడితో చుక్కల మందు కలిపి, గంటకోసారి వేయటం మొదలుపెట్టారు.

కన్ను బాగుపడలేదు. పుండు పెరిగింది, చీము పెరిగింది. డాక్టరుగారు మంచివారే కానీ కోపం ముక్కు మీదుండేది. ఒకరోజు నా రిపోర్టు పట్టుకుని మేడెక్కి వచ్చారు.

"సుశీల గారూ, మీ ప్లేట్లో చచ్చేది నా వార్డులో ఎందుకు చావట్లేదు?"

"మళ్లీ గీకి పంపండి సార్. ఈలోగా మందుకు అలవాటు పడిందేమో చూస్తాను."

అలా జరగొచ్చు. చికిత్స మధ్యలో క్రిమి మొండికేయటం బాక్టీరియాలో చూశాను. కానీ ఈ మందుకు ఈ ఫంగస్ ఎదురు తిరగటం నేనైతే చూడలేదు. కొత్తగా మొలిచిన ఫంగస్‌ను నాటి చూశాను. ఎప్పటిలాగే తక్కువ మందుకే ఆగిపోయింది. ఆ మాట చెబితే డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు.

"అయితే మందు కంట్లోపలికి దిగట్లేదు. గుడ్డు పలచబడిపోయింది, ఇవాళో రేపో చిల్లు పడుతుంది. లోపలంతా చీము. ఆమె నొప్పి భరించలేకపోతోంది. తీసేయటం తప్ప దారి లేదు. ఎల్లుండికి పెట్టాను."

తీసేయటమంటే కన్నే తీసేయటం. ఏం చెప్పాలో తెలియకపోయినా వార్డులోకి దిగాను. ఎల్లమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నర్సు అప్పుడే చుక్కలు వేసి వెళ్లింది.

"బాగా మండుతోందా ఎల్లమ్మా?" అన్నాను, మాట కలపాలని.

"పుండు నొస్తుందమ్మా. గీ మందైతే మంచిది. ఏసినప్పుడల్లా సల్లగుంటది. జర మంట గూడ పెట్టదు."

నేను అక్కడే నిలబడిపోయాను. పెద్ద దవాఖానలో ఈ మందు వేయించుకున్న వాళ్లను చూశాను. గట్టి గట్టి మగాళ్లు మంచం పట్టీ పట్టుకుని కేకలేసేవారు. ఇది చల్లగా ఉండటమేమిటి? తలగడ పక్కన ఉన్న గోధుమరంగు సీసా అడిగి తీసుకుని పైకి వచ్చాను. అందులోంచి కొంచెం పరీక్ష గొట్టంలో పోసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. పసుపుపచ్చగా ఉండాలి. మంచినీళ్లలా ఉంది.

వెంటనే ఎల్లమ్మ ఫంగస్‌నే ఒక ప్లేటంతా పూసి, జెల్లీలో రెండు గుంటలు చేశాను. ఒకదాంట్లో ఆమె సీసాలోని మందు, రెండోదాంట్లో నేను డిస్టిల్డ్ వాటర్‌లో కలుపుకున్న మందు. మర్నాడు పొద్దున రాగానే ఇంక్యుబేటరు తెరిచాను. నా మందు చుట్టూ శుభ్రమైన ఖాళీ వలయం. ఆమె మందు ఉన్న గుంట అంచుదాకా తెల్లటి నూగు దట్టంగా పరుచుకుని ఉంది. గుంట గోడ మీదికి కూడా ఎక్కింది.

ప్లేటూ, నా మందు ఉన్న పరీక్ష గొట్టమూ పట్టుకుని నేరుగా కంపౌండర్ గదిలోకి వెళ్లాను. నర్సింగరావు గారు పెద్దాయన. కంటి మందులు కలపటంలో ఆయనంత శుభ్రమైన మనిషిని నేను చూడలేదు. చేతులు మోచేతులదాకా కడగనిదే సీసా ముట్టరు. అలాంటి మనిషిని ఏమని అడగాలి? మాటల్లో చెప్పలేక, నా దగ్గరున్న పసుపు మందులో ఆయన బల్ల మీది ఉప్పునీళ్లు, అంటే సెలైన్, నాలుగు చుక్కలు వేశాను. పాలు విరిగినట్టు మందు విరిగిపోయింది. పసుపు తుంపరలు అడుక్కి దిగాయి.

ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఔనమ్మా, గిట్లనే విరుగుతది. గందుకే నేను వడగడ్త."

"వడగడతారా?"

"మరి? గా నలుసులు కంట్ల పడితె ఇంకేమన్న ఉన్నదా! ఫిల్టర్ పేపర్ల రెండుసార్లు వడగట్టి, తేటనీళ్లు సీసల పోస్త. పచ్చటి గసి పారేస్త."

ఆ గసే మందు. సీసాలోకి వెళ్లిందంతా ఉప్పునీళ్లు. ఆయన నేర్చుకున్న విద్యలో ఎక్కడా తప్పు లేదు. కన్నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి కంటి మందును ఉప్పునీళ్లలోనే కలపాలి, అప్పుడే మండదు. కంటి మందులో నలుసు ఉండకూడదు. ప్రతి కంటి మందుకూ పనికొచ్చే ఈ రెండు నియమాలూ ఈ ఒక్క మందునూ నిలువునా చంపేస్తాయి. ఉప్పు తగిలితే ఇది విరుగుతుందని ఆయనకు చెప్పినవాళ్లు లేరు. తెచ్చిచ్చిన డాక్టరుగారు చెప్పలేదు, పైన ఉన్న నన్ను ఎవరూ అడగలేదు.

"అది గసి కాదు నర్సింగరావు గారూ, అదే మందు," అన్నాను.

ఆయన పరీక్ష గొట్టం కేసి చూశారు, ప్లేటు కేసి చూశారు, స్టూలు మీద కూలబడ్డారు.

డాక్టరుగారికి ప్లేటు చూపించినప్పుడు ఆయన తిట్టలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చాలాసేపు చూసి, "రేపటి ఆపరేషన్ ఆపండి," అని మాత్రం నర్సుతో అన్నారు. ఆ పూటే నర్సింగరావు గారు డిస్టిల్డ్ వాటర్‌లో కొత్త మందు కలిపారు. మొదటి చుక్క పడగానే ఎల్లమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఓయమ్మో! గిదేం మందు, కారం వోసినట్టున్నది! మునుపటి సల్ల మందే ఎయ్యిన్రి, మీ కాళ్లు మొక్కుత!"

గుమ్మంలో నిలబడ్డ నర్సింగరావు గారు మొహం తిప్పుకున్నారు. ఆ కేక వింటూ నేను సంతోషించానంటే మీరు నన్ను రాక్షసి అనుకోవచ్చు.

కొన్నాళ్లు ఎటూ తేలలేదు. తర్వాత చీము తగ్గింది, పుండు మానుపట్టింది. కన్ను నిలిచింది. నల్లగుడ్డు మధ్యలో తెల్లటి పువ్వు వేసింది కాబట్టి మునుపటి చూపు రాలేదు కానీ, పక్కనుంచి చూస్తే మనిషి పోలిక తెలిసేది. ఒకరోజు బాలయ్య వార్డులోకి వస్తుంటే, "ఏందయ్యా, గడ్డం గూడ గీక్కోలే," అంది. బాలయ్య అందరి ముందూ ఏడ్చేశాడు.

అప్పటి నుంచి ఎక్కడ పనిచేసినా, ఏ ఫంగస్‌నైనా రెసిస్టెంట్ అనే ముందు రోగి వాడుతున్న సీసా తెప్పించి, అందులోని చుక్క కూడా ప్లేటులో వేసి చూశాను. క్రిమి మొండిదని నిందించే ముందు దాని దాకా మందు చేరిందా అని అడగాలి. ఈ కేసు నేర్పింది అదే అని చెప్పి ఇక్కడ ఆపేయొచ్చు. కానీ ఎల్లమ్మ ఇంటికి వెళ్లిన రోజు ఇంకొకటి జరిగింది.

వెళ్తూ వెళ్తూ ఆమె కంపౌండర్ గది కిటికీ దగ్గర ఆగి, "నీ చేతి మందే నా కన్ను నిలవెట్టింది అయ్యా, సల్లగుండు," అని రెండు చేతులెత్తి దండం పెట్టింది. కాసేపటికి నర్సింగరావు గారు మెట్లెక్కి నా గదికి వచ్చారు. ఆయన మేడమీదికి రావటం అదే మొదలు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మా, మీరు రాకముందు, పోయినేడు, అఫ్జల్‌గంజ్‌ల హమాలీ పని చేసెటాయన వచ్చిండు. గదే జబ్బు, గదే మందు. నేనే కలిపిన, నేనే వడగట్టిన. మందుకు లొంగలేదని కన్ను తీసేసిన్రు. ఆయన గూడ పోయెటప్పుడు నాకు గిట్లనే దండం పెట్టి పోయిండమ్మా."