నాజు కోడలి పేరు

బీమా క్లెయిముల కొత్త సాఫ్ట్‌వేర్‌కి సిద్ధం చేయడానికి జిల్లాలో నలభై మందుల షాపులు తిరిగాను. సోరే లోయలోని ప్యో సుక్‌జా గారిలా నాకు చుక్కలు చూపించినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆవిడకి డెబ్బై ఒకటి. లోయ మొత్తానికి ఉన్న ఒక్క షాపూ ముప్ఫై ఆరేళ్లుగా ఆవిడదే. ఇంకోటి కావాలంటే బస్సులో యాభై నిమిషాలు.

"ఒకటో తారీఖు నుంచి పాతది పనిచేయదండీ," అన్నాను.

"నేనూ పనిచెయ్యను నాయనా. దాంతోపాటే నన్నూ ఆపేసెయ్యి," అన్నారు బార్లీ టీ పోస్తూ.

నవ్వుతూ అన్నారు గానీ, షాపు ఖాళీ చేస్తానని స్థలం ఓనరుకి అప్పటికే చెప్పేశారట.

ముందు రోగుల పాత జాబితాని కొత్తదాంట్లో ఎక్కించి చూశాను. మూడు వందల పన్నెండు మందిలో రెండు వందల ఆరుగురు ఎర్రగా వచ్చారు. చూస్తే ఏముంది! 'నాజు కోడలు', 'మిన్‌హో అమ్మ', 'మిల్లు అవ్వ', 'కోపిష్టి తాత'. మావైపు పెళ్లయిన ఆడవాళ్లని పుట్టింటి ఊరి పేరుతోనో, బిడ్డ పేరుతోనో పిలుస్తాం. అది నోటికి సరే, కంప్యూటర్‌లో కూడానా? పాత సాఫ్ట్‌వేర్ బీమా నంబరు ఒక్కటే చూసేది, పేరు ఏం కొట్టినా నోరెత్తేది కాదు. కొత్తదానికి రెండూ కలవాలి, లేకపోతే క్లెయిము తిప్పికొడుతుంది.

"డాక్టరు చీటీ మీద అసలు పేరు ఉంటుంది కదండీ!"

"ఉంటే? ఆ పేరుతో పిలిస్తే ఒక్కరైనా లేస్తారా? పిలిస్తే పలికే పేరే రాసుకున్నాను."

ఒళ్లు మండింది. తిన్నగా ఊరిపెద్ద దగ్గరికి వెళ్లి మైకులో చెప్పించాను: మందుల షాపు ఉండాలనుకునేవాళ్లు రేపు సంతకి వచ్చేటప్పుడు గుర్తింపు కార్డు తెచ్చుకోండి అని.

మర్నాడు తొమ్మిదికల్లా షాపు కిటకిటలాడింది. అందరికంటే ముందు నాజు కోడలే. ఎనభై మూడేళ్లు. నడుం వంగింది గానీ గొంతు వంగలేదు.

"ఏమ్మా మందులమ్మా, షాపు మూసేస్తావటగా? ఈ మోకాళ్లేసుకుని నన్ను బస్సెక్కమంటావా?"

"ముందు పేరు చెప్పక్కా."

"కార్డులో ఉందిగా, చూసుకో."

"ఛే యంగ్‌ఓక్," అని చదివారు సుక్‌జా గారు. "ఇన్నేళ్ల నుంచీ మందులిస్తున్నాను, నీకింత మంచి పేరుందని తెలీనే తెలీదు!"

తర్వాత వంతు కోపిష్టి తాతది. తెర మీద తన పేరు చూసుకుని నిజంగానే కోపగించుకున్నాడు. ఉడికించిన చిలగడదుంప చేతిలో పెట్టి శాంతింపజేశాం. సాయంత్రానికి ఎరుపన్నది లేదు.

ఒకటో తారీఖు పొద్దున సుక్‌జా గారు మొదటి చీటీ కొట్టారు. క్లెయిము గుటుక్కున దిగిపోయింది. నేను ఎగిరి గంతేయలేదంతే.

"ఛే యంగ్‌ఓక్ గారూ!" అని పిలిచారు.

ఎవరూ కదల్లేదు. బెంచీ మీద అవ్వలంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి పక్కావిడ మోచేత్తో పొడిచింది. "నిన్నేనే!"

నాజు కోడలు కౌంటరు దాకా వచ్చింది గానీ సంచీ అందుకోలేదు.

"మా అమ్మ పోయాక ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు," అంది. "ఇంకోసారి పిలు."

సుక్‌జా గారు పిలిచారు, ఇంకాస్త గట్టిగా.

"ఆఁ, వస్తున్నా!" అంది అవ్వ, ఎదురుగా నిలబడే. అందరం నవ్వాం. నా కళ్లు మాత్రం తడిశాయి.

"మళ్లీ నెల మందులకి ఎప్పుడు రమ్మంటావు?"

సుక్‌జా గారు నావైపు చూశారు, కంప్యూటర్‌వైపు చూశారు.

"ఇరవై ఎనిమిదిన రా అక్కా. తెరిచే ఉంటాను."